మడతకు తగిన లోతు: తెలుగు ఇళ్లలో బట్టల అర చరిత్ర

పడకగదిలో ఒక గోడను నేల నుంచి కప్పు దాకా నింపుతూ, ఆ గది కొలతలకే కుదిరేలా చేయించుకునే వార్డ్‌రోబ్ నేటి తెలుగు పట్టణాల ఇళ్లలో కొత్త సదుపాయంగా కనిపిస్తున్నా, గోడలోనే బట్టలకు చోటు కల్పించాలన్న ఆలోచన ఈ నేలకు పాతదే. ఇంటివారు ఏ రకం బట్ట కడతారు, మడిస్తే అది ఎంత చోటు తీసుకుంటుంది, దాన్ని ఎవరు తాకవచ్చు, ఎవరు తాకరాదు, చెమ్మ నుంచీ చెదల నుంచీ దాన్ని ఎలా కాపాడాలి అన్న ప్రశ్నలకు ప్రతి తరమూ తన చేతికందిన కలపతోనో ఇటుకతోనో ఇనుముతోనో సమాధానం వెతుక్కుంది. ఆ సమాధానాలను వరుసగా పరిశీలిస్తే ఒక కొలత మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అది మడిచిన చీర కొలత. దానికి విలువనిచ్చిన అమరికలు తరాల తరబడి నిలిచాయి. దాన్ని పట్టించుకోకుండా చేసినవి ఎంత ఖరీదైనవైనా వాడేవారికి రోజూ ఇబ్బందిగానే మిగిలాయి.

తెలుగు వారి సంప్రదాయ వస్త్రధారణలో కుట్టని బట్టదే పెద్దపీట. చీర, పంచె, ఉత్తరీయం, కండువా మగ్గం మీద నుంచి దిగిన రూపంలోనే ఒంటిమీదికి వస్తాయి, విప్పిన తరువాత మళ్లీ చదునుగా మడతల్లోకి వెళ్తాయి. కుట్టిన కోటుకు భుజాల ఆకారం ఉంటుంది కనుక దాన్ని వేలాడదీయాలి. చీరకు అటువంటి ఆకారమేదీ లేనందున దాన్ని దొంతరగా పేర్చవచ్చు. నేటి చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. పన్నా, అంటే బట్ట అడ్డు కొలత, 46 నుంచి 48 అంగుళాలు. పన్నాను రెండుసార్లు సగానికి మడిస్తే 12 అంగుళాలు, పొడవును నాలుగుసార్లు సగానికి మడిస్తే పదమూడున్నర అంగుళాలు వస్తుంది. ఈ 12, పదమూడున్నర అంగుళాల దీర్ఘచతురస్రమే తెలుగు ఇంటి బట్టల అరకు సహజమైన కొలమానం. పంచెలూ దుప్పట్లూ కూడా కాస్త అటూ ఇటూగా ఈ మడతలోనే ఇముడుతాయి.

రోజూ కట్టే బట్టలకు పూర్వం పెట్టె అక్కరలేదు. రెండు కొసలనూ తాళ్లతో కప్పు దూలాలకు కట్టి అడ్డంగా వేలాడదీసిన వెదురు గడను దండెం అంటారు. గోడలో దిగగొట్టి, బయటి కొసను చిలక ఆకారంలో చెక్కిన కొయ్యకు చిలకకొయ్య అని పేరు. ఉతికిన చీరలూ పంచెలూ దండెం మీద, కండువా, చొక్కా, తలపాగా చిలకకొయ్యకు ఉండేవి. ఉన్న బట్టలు కొద్ది, వాటిలో ఒకటి ఒంటిమీద, మరొకటి ఆరుతూ ఉండేది కనుక చాలా ఇళ్లకు ఇంతకు మించిన ఏర్పాటు అవసరం కాలేదు. గాలి ధారాళంగా తగలడం వల్ల దండెం మీది బట్టకు ముక్కవాసన పట్టదన్నది కూడా గమనించదగ్గ విషయం. నేటి మూసిన అల్మరాల్లో వర్షాకాలమంతా వేధించే సమస్య నాటి ఇళ్లలో అంతగా లేకపోవడానికి ఇదొక కారణం.

దండెం ఎత్తును నిర్ణయించినవాటిలో ఆచారం కూడా ఉంది. మడి అంటే స్నానానంతరం, ఇతరుల స్పర్శ తగలకుండా ఆరవేసిన ఉతికిన బట్ట కట్టుకుని వంటకూ పూజకూ పూనుకునే నియమం. మడి పాటించే ఇళ్లలో ఆ బట్టలను చేతికందనంత ఎత్తులోని దండెం మీద కర్రతో ఆరవేసి, మరునాడు స్నానం చేసిన మనిషి మళ్లీ కర్రతోనే దించుకునేది. నూలు బట్టకు ప్రతిసారీ తడిపి ఆరవేసే నియమం ఉండగా, పట్టుబట్టకూ, నారమడికీ, ఉన్నితో నేసిన ధావళికీ ఆ విషయంలో సడలింపు ఉండేది. కనుక ఒకే ఇంట్లో మడి బట్టలకు ఒక చోటు, మామూలు బట్టలకు మరొక చోటు, చాకలికి వేయవలసిన మైలబట్టలకు ఇంకొక మూల ఏర్పడ్డాయి. బట్టలను స్థితిని బట్టి విడదీసి ఉంచాలన్న ఈ పద్ధతి వెనుక అంటు, మైల అనే సామాజిక భావనలు ఉన్నాయన్నది నిజం. వాటి భారం ఎక్కువగా స్త్రీల మీద, కింది కులాల మీద పడిందన్నదీ నిజం. అయినా చోటును భాగించే పద్ధతిగా మాత్రం అది స్పష్టమైన ఆలోచనతో కూడినది.

పండుగకూ పెళ్లికీ తీసే విలువైన బట్టలు పెట్టెల్లో ఉండేవి. చిన్న చెక్కపెట్టె సందుగ. మనిషి మీద పడుకోగలిగినంత పెద్దది, లోపల బట్టలతో పాటు కంచు ఇత్తడి పాత్రలనూ దస్తావేజులనూ దాచేది, భోషాణం. చెదలు నేల నుంచి ఎక్కుతాయి కాబట్టి భోషాణానికి కాళ్లు పెట్టేవారు. దానికి వాడే కలపల్లో మేలైనది టేకు. అందులో సహజంగా ఉండే నూనె, టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదలను దరిచేరనివ్వవు. గోదావరి ఎగువ అడవుల టేకు దుంగలు తెప్పలుగా కట్టి నదిలో వదిలితే ప్రవాహంతో పాటు రాజమహేంద్రవరం చేరేవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాలో పెరిగిన పంటల సంపద మండువా లోగిళ్లుగా, అంటే నడుమ ఆకాశం కనిపించే వాకిలి చుట్టూ గదులు కట్టిన ఇళ్లుగా రూపుదాల్చినప్పుడు, వాటి స్తంభాలకూ ద్వారబంధాలకూ భోషాణాలకూ ఆ కలపే ఆధారమైంది. పెట్టెలో వేపాకు, వట్టివేళ్లు, కర్పూరం ఉంచడం, ఏడాదికొకసారైనా పట్టుచీరలను నీడన ఆరబెట్టి మడత మార్చడం ఇంటి స్త్రీల విద్య. మడత ఒకేచోట ఏళ్ల తరబడి ఉంటే జరీ అక్కడే తెగుతుందని వారికి తెలుసు. భోషాణానికి ఒక లోపం మాత్రం తప్పలేదు: మూత పైన ఉంటుంది కనుక అడుగున ఉన్న చీర కావాలంటే పైవన్నీ తీయవలసిందే.

ఈ లోపానికి పరిష్కారం గోడలో దొరికింది. దీపం పెట్టుకునే చిన్న గూడు మట్టిగోడల ఇళ్లలోనూ ఉండేది. దాన్నే పెంచి, నిలువుగా సాగదీసి, నడుమ చెక్క పలకలు అమర్చి, ముందు రెండు తలుపులు బిగిస్తే గోడ అల్మరా, లేదా గోడ బీరువా అయింది. గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడ 18 అంగుళాల మందం ఉన్నచోట, వెనుకవైపు సగం ఇటుక మందం, అంటే నాలుగున్నర అంగుళాలు, వదిలితే లోపల మిగిలేది పదమూడున్నర అంగుళాల లోతు. మడిచిన చీర పొడవూ సరిగ్గా అంతే. మేస్త్రీలు చీరను కొలిచి గోడ కట్టారని అనడానికి వీలులేదు. గోడ మందాన్ని బరువూ వేడీ నిర్ణయించాయి. కానీ ఈ రెండు కొలతలు కలిసిరావడం వల్లనే ఆ అల్మరాలో ప్రతి చీరా ఒక్క వరుసలో, అంచు బయటికి కనిపిస్తూ నిలిచింది. తలుపు తీస్తే ఇంట్లో ఉన్న చీరలన్నీ ఒక్క చూపులో తెలిసేవి. గదిలోకి అంగుళం కూడా చొచ్చుకురాకుండా, నేలను ఆక్రమించకుండా, వెతుకులాట లేకుండా చేసిన ఈ అమరిక తెలుగు గృహనిర్మాణంలో అత్యంత సమర్థమైన వాటిలో ఒకటిగా చెప్పదగినది. దానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. తరువాతి కాలపు ఇళ్లలో చెక్క పలకల స్థానంలో కడప రాతి పలకలు వచ్చాయి. రాయికి చెదలు పట్టవు, పురుగు తొలవదు. చల్లదనం వల్ల వానాకాలంలో మాత్రం దాని మీద చెమ్మ చేరుతుంది, అందుకే గృహిణులు రాతి మీద కాగితమో పాత చీర ముక్కో పరచి బట్టలు పెట్టేవారు.

ఇదే తెలుగు నేల మీద, ఇతరుల ఇళ్ల కోసం చేసిన సామాను చరిత్ర వేరుగా నడిచింది. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం ఏనుగు దంతం పొదిగిన చెక్కపనికి ఐరోపా వర్తకులలో పేరుపొందింది. 1756లో ఆ తీరాన్ని చూసిన ఆంగ్ల సైనికాధికారి జాన్ కార్నీల్ తన రాతల్లో ఆ పనిని ప్రస్తావించాడు. టేకు, రోజ్‌వుడ్ వంటి కలపతో చేసిన పెట్టెల మీదా సొరుగుల బల్లల మీదా తలుపుల బీరువాల మీదా మొదట దంతపు ముక్కలను పొదిగేవారు. తరువాత పలుచని దంతపు రేకులనే పైపొరగా అతికి, వాటి మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపేవారు. ఆ పనితనంలో కనిపించే తీగలూ పూలూ కోరమండల్ తీరపు అద్దకపు బట్టల మీది తీగలకు దగ్గరి బంధువులు. ఆ సామానులో కొంత నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల ఉంది. ఆ వడ్రంగులూ దంతపు పనివారూ కొనుగోలుదారు చెప్పిన కొలతకూ, ఐరోపా నుంచి వచ్చిన నమూనాకూ తగినట్టు చేసి ఇచ్చారు. కొలతకు చేసి ఇచ్చే నేర్పు ఇక్కడ మూడు వందల ఏళ్లుగా ఉన్నా, ఆ కొలత చాలాకాలం ఇంటి చీరది కాకపోవడం గమనించవలసిన విషయం.

గది కొలతకు బట్టల అరలు కట్టించడంలో తెలుగు ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ హైదరాబాదులోని పురానీ హవేలీలో నేటికీ ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) కోసం బర్మా టేకుతో రెండు అంతస్తులుగా నిర్మించిన ఆ దుస్తుల గది భవనపు ఒక పార్శ్వం పొడవునా సాగుతుంది. పొడవు సుమారు 240 అడుగులని చెబుతారు. నడవకు ఇరువైపులా వరుసగా అల్మరాలు, పై అంతస్తు అరలకు వెళ్లడానికి చేత్తో తిప్పి నడిపే చెక్క లిఫ్టు ఉన్నాయి. ఒకసారి ధరించిన దుస్తులను ఆయన మళ్లీ ధరించేవాడు కాడన్న మాట హైదరాబాదులో నేటికీ ప్రచారంలో ఉంది. ఆ మాట ఎంతవరకు నిజమైనా, షేర్వానీలు, వేట దుస్తులు, ఐరోపా తరహా సూట్లు, దర్బారు వేషాలు కలగలిసిన ఆ కాలపు రాచ వస్త్రధారణకు ఎంత చోటు కావలసివచ్చిందో ఆ గదిని చూస్తే అర్థమవుతుంది. ఒక గోడను కాదు, మొత్తం గదినే బట్టల కోసం ఉద్దేశించి, దాని పొడవుకూ ఎత్తుకూ తగినట్టు కలపపని చేయించడం అన్నది నేటి వాక్-ఇన్ వార్డ్‌రోబ్, అంటే మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగే బట్టల గది, అనే ఊహకు ఈ నేల మీద దొరికే తొలి రూపాల్లో ఒకటి.

సామాన్యుల ఇళ్లలో మార్పు రేకుపెట్టెతో వచ్చింది. విజయవాడ నుంచి ఉత్తరంగా తీరరేఖ వెంట సాగిన రైలుమార్గం 1890లలో ఏర్పడి, 1900 నాటికి రాజమహేంద్రవరం వద్ద గోదావరి మీద వంతెన తెరుచుకున్నాక, చదువుకోసం మద్రాసుకూ, ఉద్యోగాలకు దూర జిల్లాలకూ, కూలికి ఓడల మీద రంగూన్‌కూ వెళ్లేవారి చేతిలో ట్రంకు పెట్టె కనిపించసాగింది. అది తేలిక, తాళం పడుతుంది, చెదలు పట్టవు. ఊళ్లో ఉన్నప్పుడు మంచం కిందకు చేరుతుంది. కాని భోషాణపు లోపమే దానిదీ.

ఆ లోపం లేని ఇనుప వస్తువు బొంబాయి నుంచి వచ్చింది. 1897లో అక్కడ తాళాల తయారీతో వ్యాపారం ఆరంభించిన అర్దేషిర్ గోద్రెజ్, ఆ తరువాత కొద్ది ఏళ్లకే ఇనప్పెట్టెలు చేయడం మొదలుపెట్టగా, ఆ సంస్థ 1923లో ఉక్కు బీరువాలను తయారుచేసింది. స్వాతంత్ర్యానంతరం ఇవి మధ్యతరగతి ఇళ్లలో ఎంతగా పాతుకుపోయాయంటే, పక్క బజారులో రేకు వంచి, వెల్డింగు చేసి, ముదురాకుపచ్చ రంగు పూసినదాన్ని కూడా జనం గోద్రెజ్ బీరువా అనే అన్నారు. పెళ్లిలో ఆడపిల్లతో పంపే సారెలో మంచం, పరుపుతో పాటు బీరువా చేరింది. దాని లోపలి చిన్న తాళపు అర నగలకు, తలుపుకు బిగించిన నిలువుటద్దం అలంకరణకు పనికివచ్చాయి. ఇంట్లో తన పేర తాళంచెవి ఉన్న ఏకైక వస్తువు ఎందరో స్త్రీలకు ఆ బీరువాయే అయినందున, దాన్ని కేవలం సామానుగా లెక్కించడం చరిత్రకు న్యాయం చేయదు. వాస్తు పాటించేవారు బరువైనదాన్ని నైరుతి మూల, అంటే దక్షిణ పడమరలు కలిసే చోట, ఉత్తరానికి తెరుచుకునేలా పెట్టించారు. ఉత్తరం కుబేరుని దిక్కని నమ్మకం. ఈ నియమం నేటి వార్డ్‌రోబ్ పథకాల్లో కూడా తొలి షరతుగా కొనసాగుతోంది.

ఉక్కు బీరువా ఎత్తు ఆరున్నర అడుగులు, వెడల్పు మూడడుగులు, లోతు 19 అంగుళాల ప్రాంతంలో ఉంటుంది. పదమూడున్నర అంగుళాల చీర మడత అందులో ఒక్క వరుసలో పడి, ముందు కొంత ఖాళీ మిగులుతుంది. చొక్కా హ్యాంగరు వెడల్పు 17, 18 అంగుళాలే అయినా భుజాలతో సహా 20 అంగుళాలు దాటుతుంది కనుక దాన్ని కాస్త ఏటవాలుగా తగిలించవలసి వస్తుంది. చీరల ఇంటికి అది సరిపోయింది. ప్యాంట్లు, సూట్లు, పంజాబీ డ్రెస్సులు, పిల్లల యూనిఫారాలు పెరిగినకొద్దీ చాలకుండా పోయింది.

గోడ అల్మరాకు దెబ్బ తగిలింది కాంక్రీటు స్తంభాల కట్టడంతో. బరువును స్తంభాలూ దూలాలూ మోస్తున్నప్పుడు గోడకు మందం అక్కరలేదు. బయట తొమ్మిది అంగుళాలు, లోపల నాలుగున్నర అంగుళాల గోడలతో అపార్ట్‌మెంట్లు లేచాయి. గోడలో తొలవడానికి చోటు లేదు కనుక అల్మరా గోడ ముందుకు వచ్చి, గది నేలలో రెండడుగులు తీసుకుంది. అదే కాలంలో కలప కూడా దుర్లభమైంది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా అడవుల్లో సాగే రంపపు మిల్లుల వంటి పనులను ఆపాలనీ, ఆమోదం పొందిన ప్రణాళికల ప్రకారం తప్ప చెట్లు నరకరాదనీ ఆదేశించింది. అడవుల మేలుకోసం తప్పనిసరైన ఆ ఆదేశం తరువాత ఇంటిలోపలి పనికి గట్టి కలప స్థానంలో ప్లైవుడ్‌ను, చెక్కపొట్టుతో అచ్చుపోసిన బోర్డులను ఆశ్రయించడం మరింత పెరిగింది. ప్లైవుడ్ అంటే పలుచని చెక్కపొరలను ఒకదాని నార మీద మరొకదాని నార అడ్డంగా పడేలా బేసి సంఖ్యలో అతికించిన పలక. మన దేశంలో ఆ పరిశ్రమ తేయాకు ఎగుమతి పెట్టెల కోసం మొదలైంది. భారత ప్రమాణాల్లో ఐ.ఎస్. 303 మామూలు వాడకానికి, ఐ.ఎస్. 710 నీటిని తట్టుకునే రకానికి వర్తిస్తాయి.

ఇక్కడే కొలత చేతులు మారింది. ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. దాన్ని నిలువునా సగానికి కోస్తే వృథా లేకుండా రెండడుగుల పలకలు రెండు వస్తాయి. హ్యాంగరుకు వేసిన కోటుకు కూడా తలుపుతో కలిపి 24 అంగుళాలు కావాలి. ఈ రెండు కారణాలూ కలిసి 24 అంగుళాల లోతును దాదాపు శాసనంగా మార్చాయి. కర్మాగారంలో చేసే మాడ్యులర్ పద్ధతి, అంటే 32 మిల్లీమీటర్ల ఎడంతో ముందే రంధ్రాలు వేసిన పలకలను ఇంటికి తెచ్చి బిగించే జర్మన్ మూలాలున్న విధానం, ఆ లోతును మరింత స్థిరపరిచింది. ఫలితంగా పదమూడున్నర అంగుళాల చీరలు 24 అంగుళాల అరలో ముందొక వరుస, వెనుకొక అరవరుసగా ఇరుక్కున్నాయి. వెనుక పడిన గద్వాల, వెంకటగిరి చీరలు ఏడాదికోసారైనా వెలుగు చూడని పరిస్థితి ఏర్పడింది. బరువైన జరీ చీరలను హ్యాంగరుకు వేయడం దీనికి విరుగుడు కాదు. జరీ బరువుకు పట్టు సాగి, కడ్డీ ఆనిన చోట చిరుగుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఇబ్బంది ఇంకా తీవ్రం, ఎందుకంటే అక్కడి క్లోజెట్ ప్రధానంగా వేలాడే దుస్తుల కోసమే ఉద్దేశించినది.

కనుక పడకగదికి వార్డ్‌రోబ్ చేయించేటప్పుడు గోడ పొడవు కంటే ముందు తెలియవలసింది ఇంట్లో మడిచే బట్టలెన్ని, వేలాడేవెన్ని అన్న లెక్క. చొక్కాలకు కడ్డీ కింద 40 అంగుళాలు, పొడవాటి గౌన్లకూ షేర్వానీలకూ 60 అంగుళాలు వదలాలి. చీరల అరల ఎత్తు 12 అంగుళాలు మించితే దొంతర ఎత్తై అడుగు మడతలు నలుగుతాయి. పట్టుచీరలను తెల్లటి నూలుగుడ్డలో చుట్టి ఉంచాలి. తెలుగు ఇళ్లలో కలరా ఉండలని పిలిచే నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలకూడదు. బాత్రూమ్ గోడను ఆనుకుని చేయిస్తే వెనుక పలకకూ గోడకూ మధ్య గాలి ఆడే ఎడం, తలుపుకు కింద పైన చిన్న సందులు ఉండాలి. లేకుంటే కోస్తా జిల్లాల వర్షాకాలంలో బూజు తప్పదు. పైన ఏడడుగుల దగ్గర మొదలయ్యే మూతల అరలు పాత అటకకు వారసులు, కనుక పరుపులకూ సూట్‌కేసులకూ వాటిని వదిలి, రోజువారీ బట్టలను భుజం ఎత్తుకూ మోకాలి ఎత్తుకూ మధ్య ఉంచడం మేలు.

అనుభవమున్న వడ్రంగులు కొందరు ఒకే వార్డ్‌రోబ్‌లో రెండు లోతులు పెడుతున్నారు. హ్యాంగర్ల భాగం 24 అంగుళాలు, చీరల భాగం 15 అంగుళాలు. షీటు కొంత వృథా అవుతుంది, తలుపులు ఒకే వరుసలో రావు కనుక ముందు భాగం మెట్టులా కనిపిస్తుంది. ఇంటీరియర్ సంస్థలు దీన్ని సాధారణంగా సూచించకపోవడానికి ఇవే కారణాలు. కానీ చీరలు మళ్లీ ఒక్క వరుసలోకి వస్తాయి, మిగిలిన తొమ్మిది అంగుళాలు గదికి దక్కుతాయి, ఆ లోపలికి తగ్గిన భాగంలో నిలువుటద్దం, దాని కింద దువ్వెనలూ కుంకుమభరిణా పెట్టుకునే చిన్న పలక అమరుతాయి.